కారుకు మేం నేర్పిన జబ్బు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేసుకోవడం మేలు. ఎందుకంటే, పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలంలో మా కారు మొండికేయడానికి కారణం నేనే అయినా, వారం రోజులపాటు నేను తిట్టని మనిషి లేడు. మా ఆయన్ని తిట్టాను. మా మెకానిక్కు ఉస్తాదును తిట్టాను. కొత్తగా వస్తున్న పెట్రోలును తిట్టాను. ఒకరోజు బానెట్ మీద అరచేత్తో ఒక్కటిచ్చి, "నీకేం తక్కువ చేశామే, దొంగముఖమా!" అని కారునే నిలదీశాను. చెయ్యి వాచింది గానీ కారు ఏమీ చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. సికింద్రాబాదులో ఒక మిషన్ ఆసుపత్రిలో కాన్పుల నర్సుని. మాది గుంటూరు వైపు. నర్సు చదువుకని వచ్చి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు డ్రాయింగు ఆఫీసులో పనిచేసే మనిషిని చర్చిలో చూసి, పెద్దవాళ్ళ చేత ఒప్పించి పెళ్ళి చేసుకొని ఇక్కడే ఉండిపోయాను. మాకొక మూడేళ్ళ పాప. మా ఆయన నెమ్మదస్తుడు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు, అదీ నా పది మాటలూ అయిపోయాక.

మాలాంటి వాళ్ళకు కారేమిటని అడగొచ్చు. చర్చిలో అందరూ అడిగారు కూడా. కంటోన్మెంటులో ఒక తెల్ల మేజరు ఉండేవాడు. ఆయన భార్య కడుపులో కవలలు అడ్డం తిరిగితే, పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా మంచం పక్కనే ఉండి ముగ్గురినీ దక్కించాను. దేశం వదిలి పోయేటప్పుడు ఆయన తన చిన్న కారును తెచ్చి మా వాకిట్లో నిలబెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నడపడం కూడా ఆయనే నేర్పాడు. మా ఆయనకూ నేర్పబోయాడు గానీ, ఆయన స్టీరింగు పట్టుకోగానే కళ్ళు మూసుకునేవాడు. అందుకని కారు నాదైంది.

ఆ మేజరుకు పందేల పిచ్చి. మా కారు కంపెనీ నుంచి వచ్చినప్పటిలా లేదు. రాంగోపాల్‌పేటలో షెడ్డు నడిపే ఒక పెద్ద మెకానిక్కు చేత ఇంజను పైభాగం అరగదీయించి, కార్బొరేటర్ మార్పించి, గట్టి స్ప్రింగులు వేయించాడు. దాంతో దానికి ఒంటికి మించిన బలం వచ్చింది. కంపెనీ పుస్తకంలోని కొలతలేవీ దానికి పనికిరాకుండా పోయాయి. ముఖ్యంగా టైమింగు. ఇంజనులో పెట్రోలు ఆవిరికి ప్లగ్గు నిప్పు పెట్టే క్షణాన్ని టైమింగు అంటారు. నిప్పు మరీ ముందు పడితే ఇంజను లోపల డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు చప్పుడు చేస్తుంది. ఆలస్యంగా పడితే రావలసిన బలమంతా వట్టి వేడై పొగగొట్టంలోంచి పోతుంది. ఆ రెండింటి మధ్య సరైన చోటు ఎక్కడో మా కారు విషయంలో తెలిసింది ఒక్క ఆ మెకానిక్కుకే. అదీ చెవితోనే.

ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది. అరవై దాటిన ముసల్మాను, తెల్లటి గడ్డం, దాని కొసన ఎప్పుడూ కాస్త గ్రీజు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. నేను గర్భిణి పొట్టకు కొయ్య గొట్టం ఆనించి బిడ్డ గుండె వినేదాన్ని. "మనిద్దరిదీ ఒకటే పని నర్సమ్మా, లోపలున్నది బయటి నుంచి యినుడు" అనేవాడు. మాకు స్నేహం కుదిరింది అక్కడే. కారు విషయంలో ఆయనది ఒకే ఒక్క షరతు. నిప్పును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, దాన్ని ఆయన డబ్బా అనేవాడు. ఆ డబ్బాను ఆయన తప్ప ఎవరూ విప్పకూడదు. విప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

పోలీసు చర్యకు ముందటి వానాకాలం బండ్లున్న వాళ్ళకు కష్టకాలం. ఎవరెవరో చీటీలు పట్టుకొచ్చి, పనుందని చెప్పి కార్లు తీసుకుపోయేవాళ్ళు. పోయినవి తిరిగొచ్చిన దాఖలా లేదు. నాకు భయం పట్టుకొని ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడ్డం గోక్కొని, "బండిని దాచలేం గాని, బీమార్ జేద్దాం, జబ్బు తెప్పిద్దాం. బీమారున్న పిల్లను ఎవ్వరు అడుగుతరు?" అన్నాడు. డబ్బాను గోరంత వెనక్కి తిప్పాడు. మళ్ళీ పాత చోటికి తేవడానికి గుర్తుగా ముందే సూదితో ఒక గీత గీశాడు. నిప్పు ఆలస్యమైంది. కారు ఆయాసపడుతూ నడవసాగింది.

అంతటితో ఊరుకొని ఉంటే బాగుండేది. పక్క వీధి వకీలుగారి కారు నిజంగానే చెడిపోయి ఉంది. అయినా తీసుకుపోయారు, మా మెకానిక్కు చూసుకుంటాడులే అని. ఆ మాట విన్నాక మా ఇంట్లో ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మా ఆయన నాకు చెప్పకుండా వర్క్‌షాపులో చిన్న చిల్లున్న రేకు బిళ్ళ ఒకటి కోసుకొచ్చి, పొగగొట్టం అతికే చోట బిగించాడు, పొగ బయటికి పోలేకుండా. నేను ఆయనకు చెప్పకుండా డబ్బా విప్పాను.

అవును, ఒట్టు తిన్న చేతులతోనే విప్పాను. ఉస్తాద్ విప్పగా ఎన్నోసార్లు చూశాను కనుక పని తెలుసు. మూత తీసి, రెండు మరలు తిప్పి పైపళ్ళెం ఎత్తితే, అడుగున రెండు చిన్న ఇనుప రెక్కలుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ రెక్కలు విచ్చుకొని నిప్పును ముందుకు జరుపుతాయి. అవి విచ్చుకోకపోతే, నిలబడ్డ కారు హాయిగానే ఆడుతుంది కానీ పరుగెత్తమంటే పరుగెత్తలేదు. నేను ఆసుపత్రి కుట్లదారం, నల్ల పట్టుదారం తెచ్చి ఆ రెక్కల్ని కలిపి కట్టేసి, పళ్ళెం బిగించి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కున్నాను. ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదనుకున్నాను. మా ఆయనా అదే అనుకున్నాడట. ఇన్నేళ్ళ కాపురంలోనూ మేమిద్దరం ఇంత ఒకేలా ఆలోచించింది మళ్ళీ లేదు.

వాళ్ళు రానే వచ్చారు. నలుగురు. ఒకడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. కారు వీధి మలుపు దాకా వెళ్ళి, మూలిగి, రేడియేటర్ లోంచి ఆవిరి కక్కి నిలబడింది. దాన్ని తోసుకొచ్చి మా గుమ్మంలో పడేసి, మమ్మల్నీ కారునూ కలిపి ఒక తిట్టు తిట్టి పోయారు. నేనూ మా ఆయనా అప్పుడే వచ్చిన ఉస్తాదూ దిగులు మొహాలు పెట్టుకొని నిలబడ్డాం. లోపల మాత్రం ముగ్గురం ఎవరికి వాళ్ళం, ఇదంతా నా ప్రతాపమే అని మురిసిపోతున్నాం.

సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది. నాలుగైదు రోజులు తలుపులు వేసుకొని కూర్చున్నాం. ఆ తర్వాత వీధుల్లోకి మనుషులొచ్చారు, అంగళ్ళు తెరిచారు, మెల్లగా పెట్రోలూ వచ్చింది. ఎవరి బాధలు వాళ్ళకున్నాయి, ఆ రోజుల్లో ఊరిలో ఏడ్చిన ఇళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం ప్రాణాలూ కారూ రెండూ దక్కాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఎవరూ చూడకుండా డబ్బా మూత తీశాను. పైపళ్ళెం ఎత్తే ఓపిక లేక, దాని పక్కనున్న సందులోంచి చూశాను. నల్లదారం కనిపించింది. ఆసుపత్రి పట్టుకారుతో పట్టి, కత్తెరతో తెంపి, లాగి పారేశాను. నా పాపం కడిగేసుకున్నానని సంతోషపడి మూత పెట్టేశాను.

చలికాలం మొదట్లో ఆసుపత్రిలో రెండు కాగితాలు తయారయ్యాయి. ఒకటి, నేరేడ్‌మెట్ అవతలి పల్లెలకు వారమంతా తిరిగి కాన్పులు చూసే నర్సు కొలువు. సొంత బండి ఉన్నవాళ్ళకే. రెండోది, నన్ను గోదావరి ఒడ్డునున్న ఇంకో ఆసుపత్రికి పంపే బదిలీ. మొదటిది నాకు రాకపోతే రెండోది ఖాయం. రైలు, ఆపైన బస్సు, ఆపైన ఎడ్లబండి. మా ఆయన వర్క్‌షాపు వదిలి రాలేడు. పాప నాతో ఉంటే తండ్రికి దూరం, తండ్రితో ఉంటే నాకు దూరం. మా పెద్ద డాక్టరమ్మ కచ్చితమైన మనిషి. "వచ్చే సోమవారం పొద్దున నేనూ ఇద్దరు నర్సులూ మందుల పెట్టెలూ మీ కారెక్కుతాం. నేరేడ్‌మెట్ గుట్ట చడావు ఎక్కడా ఆగకుండా ఎక్కిందా, కొలువు మీది. ఆగిందా, మీరు సామాను సర్దుకోవాలి" అన్నది. మధ్యలో ఒక్క వారం ఉంది.

ఆ సోమవారమే ఉస్తాద్ వచ్చి, డబ్బాను తను గీసుకున్న గీత దగ్గరికి తిప్పాడు. హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పగానే ఇంజను అందుకుంది. ఎంత తీయగా ఆడిందో! ఉస్తాద్ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని, "మాషా అల్లా, తొట్లె ఉన్న పిల్ల గూడ గింత మంచిగ ఊపిరి తియ్యది" అన్నాడు. నేను ఎగిరి గంతేసి నేరేడ్‌మెట్ వైపు తీసుకెళ్ళాను. చదునులో పరవాలేదు. చడావు సగంలో చతికిలబడింది. రేడియేటర్ కుతకుతలాడింది. బండరాళ్ళ పక్కన మేకలు కాస్తున్న ముసలమ్మ ఒకామె లేచి వచ్చి వెనకనుంచి తోస్తానన్నది.

మంగళవారం మా ఆయన తల వంచుకొని ఉస్తాద్ ముందు నిలబడ్డాడు. "నేనొక బిళ్ళ పెట్టానండీ" అన్నాడు. పొగగొట్టం విప్పి ఆ రేకు బిళ్ళ బయటికి తీస్తే, ఉస్తాద్ దాన్ని వేలికి తొడుక్కొని చూసి పడీపడీ నవ్వాడు. "నువ్వు సుత దొంగవేనా కొడకా! నేను నిన్ను పాస్టరు తమ్ముడనుకున్న!" నేనూ నవ్వాను. అప్పుడే నా సంగతి కూడా చెప్పేసి ఉండాల్సింది. కానీ ఆ దారం తీసేశాను కదా, లేని తప్పును ఒప్పుకొని ఒట్టు తప్పినదానిగా మిగలడం దేనికని మాట దాటేశాను.

బిళ్ళ తీశాక కాస్త నయం. చడావు ముప్పావు దాకా ఎక్కి ఆగింది.

అక్కణ్ణించి అసలు పాట్లు మొదలయ్యాయి. బుధవారం ఉస్తాద్ నాలుగు ప్లగ్గులూ తీసి కాగితం మీద వరసగా పెట్టి మొనల రంగు చూశాడు. అన్నీ గోధుమరంగులో బాగున్నాయి. ప్లగ్గు రంధ్రాల మీద బొటనవేలు పెట్టి, మా ఆయన్ని హ్యాండిల్ తిప్పమని, నాలుగింటి గాలి బలమూ చూశాడు. వేలు ఎగిరిపడేంత ఉంది. పెట్రోలు గొట్టం ఊదాడు, కార్బొరేటర్ కడిగాడు, తీగలన్నీ తడిమాడు. మా ఆయన కంపెనీ పుస్తకం తెచ్చి ఏవో గీతలు చూపించబోయాడు. "గా కితాబ్ పక్కకు పెట్టు. దీని తలకాయ అరగదీసిన నాడే దానికి కితాబుకు తలాఖ్ అయింది" అన్నాడు ఉస్తాద్.

గురువారం ఆయన మొండిగా డబ్బాను కొంచెం ముందుకు తిప్పి చూశాడు. పరుగులో బలం వచ్చింది! చడావు ముప్పావు దాటాక గానీ ఆగలేదు! కానీ నెమ్మదిగా పోతే లోపల గులకరాళ్ళ చప్పుడు. పైగా మళ్ళీ స్టార్టు చేయబోతే హ్యాండిల్ వెనక్కి తన్ని ఆయన మణికట్టు మీద కొట్టింది. ఎముక విరగలేదు గానీ, నిమ్మకాయంత వాచింది. నేను కట్టుకడుతూ కారును తిట్టాను, పెట్రోలును తిట్టాను, "ఇన్నేళ్ళుగా చేస్తున్నారు, ఆమాత్రం తెలియదా మీకు?" అని ఆ పెద్దమనిషినీ ఒక మాట అనేశాను. ఆయన నొప్పితో పళ్ళు బిగించి, ఎడమచేత్తో పనిముట్లు సర్దుకున్నాడు. మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మంచి చూపు కాదు.

శుక్రవారం నమాజు చేసుకొని వచ్చాడు ఉస్తాద్. ఎడమచేత్తోనే డబ్బాను గీత దగ్గరికి తెచ్చి, పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు.

"నిలబడ్డప్పుడు సక్కగ పెడితే ఉరుకుతలేదు. ఉరికేటట్టు పెడితే నిలబడ్డప్పుడు తంతున్నది. అంటే ఉరికేటప్పుడు నిప్పు తనంతట తాను ముందటికి జరగాలె, గది జరుగుతలేదు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని గట్టు మీద పెట్టేశాను.

"అంటే డబ్బా లోపల రెక్కలా?" అన్నాను వీలైనంత మామూలుగా.

"కాదమ్మా. గా రెక్కలు నేనే పెట్టిన, గా స్ప్రింగులు నేనే ఏసిన. నా చేతి పని. నేను తప్ప దాన్ని ఇప్పినోడు లేడు. అండ్ల తప్పుండది." స్క్రూడ్రైవరు ఒళ్ళో పెట్టుకున్నాడు. "తప్పు నా చెవులదే ఉన్నది. ముసలోన్నైతిని. యినబడ్డదనుకుంటున్న గాని యినబడుతలేదేమో. నర్సమ్మా, నువ్వు గింకొక మెకానిక్‌ను చూసుకో. నీ కొలువు నా చెవులతోటి పోవద్దు. నేను షెడ్డు సుత మూసేస్తా."

ఆ మాట నాకు దెబ్బలా తగిలింది. నా కొలువు పోతుందని నేను వారమంతా గోల పెడుతుంటే, ఈయన తన చెవుల్నే అనుమానించి బతుకుతెరువే మూసుకుంటానంటున్నాడు. అదీ నా ఒట్టును నమ్మి. ఆయన లెక్క అణువంత కూడా తప్పలేదు. డబ్బా ఎవరూ విప్పలేదన్న నమ్మకం ఒక్కటే తప్పు.

"నేను విప్పాను" అన్నాను.

ఆయన వినలేదనుకొని గట్టిగా అరిచాను. "డబ్బా నేను విప్పాను ఉస్తాద్! వానాకాలంలో విప్పాను. రెక్కలు దారంతో కట్టేశాను. తర్వాత తీసేశాననుకోండి. కానీ విప్పాను!"

మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. పాప ఆయన చంకలో ఉంది. ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం రావడం నేను అంతవరకు చూడలేదు.

"ఒట్టు తిన్నవ్ గదా బిడ్డా."

"తిన్నాను."

"చేసింది చేసినవ్, గీ వారం రోజులైన చెప్పకపోతివి?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. ముప్పై ఏళ్ళు దగ్గరపడ్డ దాన్ని, పదిమంది ముందు కేకలు వేసి పనిచేయించే దాన్ని, పాప ముందు ముక్కు చీదుతూ నిలబడ్డాను. ఉస్తాద్ మూత తీశాడు. కుడిచేయి పనిచేయడం లేదు గనుక మరలు నేను తిప్పాను. పైపళ్ళెం నేనే ఎత్తాను.

రెక్కలు దగ్గరగా ముడుచుకొని ఉన్నాయి. వాటి చుట్టూ గ్రీజులో నానిన నల్లదారం ఒక చుట్టు. బిగించి, ముడివేసి, కొసలు సమానంగా కత్తిరించి ఉంది. చూడగానే ఆ ముడి నాదేనని తెలిసిపోయింది.

"తీసేసినంటివి?" అన్నాడు ఉస్తాద్.

"తీశాను. నా చేతులతో తీశాను, ఒట్టు..." అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ ఇంట్లో నా ఒట్టుకు ఇక విలువ లేదు.

అప్పుడు చటుక్కున తట్టింది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడును ఒకచోట కట్టకూడదు. రెండు చోట్ల కట్టి, మధ్యలో కోయాలి. తల్లివైపు ఒకటి, బిడ్డవైపు ఒకటి. పదేళ్ళుగా రోజుకు రెండుసార్లో మూడుసార్లో అదే పని. ఆ రోజు భయంతో నా బుద్ధి ఒక ముడి వేయమంటే, నా చేతులు వాటి అలవాటు ప్రకారం రెండు వేసేశాయి. నాకు గుర్తున్నది ఒకటే. సందులోంచి కనిపించిన ఆ ఒక్కటీ తీసి, పని పూర్తయిందనుకున్నాను.

వెక్కిళ్ళ మధ్య ఈ సంగతి చెప్పాను. చెబుతూ బొడ్డు ఎలా కడతామో చేతులతో చూపించాను కూడా. ఉస్తాద్ నోరు తెరుచుకొని విన్నాడు. రెక్కల్ని చూశాడు, నన్ను చూశాడు. ముందు ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. తర్వాత ముక్కాలిపీట మీద కూలబడి, కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకొని, కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారేలా నవ్వాడు.

"యా అల్లా! బండికి పురుడు పోసింది! యినవయ్యా, నీ పెండ్లాం బండికి బొడ్డు కట్టింది!"

మా ఆయన పాపను కిందికి దించి గోడకానుకొని నవ్వుతున్నాడు. ఆయన అంత చప్పుడు చేస్తూ నవ్వగలడని నాకప్పటిదాకా తెలియదు. సంగతేమిటో తెలియకపోయినా పాప చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి పొరబోయింది.

"చెవులు మంచిగనే ఉన్నయ్" అన్నాడు ఉస్తాద్ కాసేపటికి, నెమ్మదిగా, తనకు తనే శుభవార్త చెప్పుకుంటున్నట్టు. "మంచిగనే ఉన్నయ్."

"బంగారం లాంటి చెవులు" అన్నాను. "నన్ను క్షమించండి ఉస్తాద్."

"క్షమిస్తా గని, ఇంక నువ్వు ఒట్లు తినకు. నీకు అరగయ్."

దారం నేనే కోశాను. మిగతాదంతా ఆయన ఎడమచేత్తో, నా చేతులే ఆయన కుడిచేయిగా, ఇద్దరం కలిసి చేశాం. శనివారం ఖాళీ కారును చడావు ఎక్కిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. రెక్కలకు నూనె పెట్టి, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు సరిచేసి, చిన్న బల్బు ఒకటి తగిలించి, అది ఆరి వెలిగే చోటు చూసి టైమింగు పెట్టాడు. చివరికి చెవితో విని, దాన్నీ వెంట్రుకవాసి జరిపాడు. "సోమవారమే ఎక్కిద్దాం. నాకు నమ్మకమున్నది" అన్నాడు. నమ్మకం ఆయనకుంది, నాకు లేదు. ఆదివారం చర్చిలో నేను పాడిన కీర్తన ఏదో కూడా నాకు గుర్తులేదు.

సోమవారం డాక్టరమ్మ వెనకసీట్లో నిటారుగా కూర్చుంది. ఆమె పక్కన ఒక నర్సు, నా పక్కన ఇంకొక నర్సు, కాళ్ళ దగ్గరా ఒళ్ళలోనూ మందుల పెట్టెలు. కారు నడుం కిందికి కుంగింది. చదును దాటాం.

చడావు మొదలైంది. గేరు మార్చి, కాలు అదిమాను. కారు ఒక్క క్షణం ఆలోచించినట్టు అనిపించింది. ఆ తర్వాత ఇంజను గొంతు మారింది. నా వీపు సీటుకు అతుక్కుంది. మేజరు నేర్పిన రోజుల తర్వాత ఆ లాగుడు నేనెరగను. మొన్న ఆగిన చోటు దాటాం. అంతకు ముందు ఆగిన చోటు ఎప్పుడో వెనకబడింది. పక్కనున్న నర్సు పెట్టెను గట్టిగా వాటేసుకొని "అమ్మో!" అన్నది. మలుపులో మేకల ముసలమ్మ మమ్మల్ని చూసి, తోయడానికి సిద్ధంగా లేచి, చేతులు దులుపుకొని మళ్ళీ కూర్చుంది.

ఆ పైన, రోడ్డు పక్కన, సైకిలు స్టాండు వేసి ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకొని, ముఖం కాస్త ఎత్తి. కారు ఆయన్ని దాటిపోతున్నా కళ్ళు తెరవలేదు.

"ఎవరాయన? ప్రార్థన చేస్తున్నాడా?" అడిగింది డాక్టరమ్మ.

"మా ఉస్తాదండీ. ఇంజను వింటున్నాడు."

కళ్ళు తెరవకుండానే ఆయన కట్టు కట్టిన చేయి పైకెత్తాడు. నేను హారన్ కొట్టాను. చడావు అయిపోయింది. రేడియేటర్ కుయ్యిమనలేదు.

పైన కారాపమని డాక్టరమ్మ దిగింది. "వారమంతా చడావులో ఆగిపోయిందని ఆసుపత్రిలో విన్నాను. ఇన్నాళ్ళూ ఎందుకెక్కలేదు?" అని అడిగింది. అబద్ధం ఆడే ఓపిక నాకిక లేదు. రెక్కలు, దారం, రెండు ముళ్ళు, ఒకటి మరిచిపోవడం, అంతా చెప్పేశాను. నర్సులిద్దరూ పెట్టెల చాటున నవ్వు ఆపుకుంటున్నారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"లోపల దారం వదిలేశారన్నమాట."

"వదిలేశానండీ."

"కారు కాబట్టి సరిపోయింది. మనిషిలో వదిలి ఉంటే ఈ గుట్ట మీదే దింపేసి పోయేదాన్ని." అలా అని, ముందు సీట్లో ఉన్న నర్సును వెనక్కి పొమ్మని, తను వచ్చి నా పక్కన కూర్చుంది. "బదిలీ కాగితం నేను చించేస్తాను. ఇప్పుడు అవతలి ఊళ్ళు చూపించండి. మెల్లగా పోనక్కర్లేదు."

ఆ పూట మూడు పల్లెలు తిరిగాం. వాళ్ళను ఆసుపత్రిలో దింపేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. సాయంత్రం దాకా ఆగే మనిషిని కాదు నేను. తిన్నగా లాలాగూడ వెళ్ళి, వర్క్‌షాపు గేటు ఎదురుగా కారాపి, అప్పుడే సైరను కూత విని బయటికి వస్తున్న జనంలో మా ఆయన కోసం చూశాను. వందలమంది, అందరిదీ ఒకే నీలంరంగు, అందరి చేతుల్లో క్యారియర్లు. ఎలా కనిపెట్టను? సీటు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి పెట్టుకొని, "ఏవండీ!" అని కేక పెట్టాను. కనీసం నలభైమంది మొగుళ్ళు తల తిప్పారు. వాళ్ళలో ఒకాయన, కళ్ళజోడు పైకి తోసుకొని, క్యారియరు గుండెకు హత్తుకొని, బిక్కమొహంతో నన్ను చూస్తున్నాడు. వారం రోజులుగా ఆయన నాతో ఒక్కమాట అనకుండా నా ట్రంకుపెట్టెకు కొత్త తాళం కొనుక్కొచ్చి, పాప చలిచొక్కాలు మడతపెట్టి ఉంచిన సంగతి నాకు తెలుసు.

"నేనెక్కడికీ పోవడం లేదండీ!" అని అరిచాను, అందరికీ వినబడేలా.

ఆయన అక్కడే, గేటు మధ్యలో, అంతమంది దారికి అడ్డంగా నిలబడిపోయి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.